యంత్రము చేసిన తప్పు ఎవరిది?

విద్యనుగూర్చి పెద్దలు చెప్పని మాట లేదు. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగిరీలో జీవితము గడిపి, విశ్రాంతి వేతనముపై కాలక్షేపము చేయుచున్న మావంటివారు దానికి క్రొత్తగా చేర్పగలది స్వల్పము. అయినను ఒక్క వస్తువుతో మాత్రము మాకు చిరపరిచయము కలదు. అది తప్పు. చిట్టాలలో, ఖాతాలలో, జీతముల పట్టికలలో తప్పు ఎక్కడ దాగినదో వెదకుటయే మా వృత్తి. ఇప్పుడు మన బరంపురము పిల్లలు కొందరు నేర్చుకొనుచున్న ఒక నూతన విద్యను దగ్గరనుండి చూచినప్పుడు, అదియు తప్పులను వెదకు విద్యయేయని మాకు తోచినది. అందుచేత ఆ విద్యలోని ధర్మసందేహము నొకదానిని పాఠకుల యెదుట నుంచుటకు సాహసించుచున్నాము.

ఆ విద్య పోటీలకొరకు రోబోలను నడపుట. దీనిని చూడనివారికి రెండు మాటలలో చెప్పెదము. భోజనపు బల్లయంత వేదికపై గీతలు గీసిన ఒక పట్టా పరచియుందురు. దానిపై అక్కడక్కడ చిన్న దిమ్మలు, గేట్లు, బొమ్మలు అమర్చియుందురు. విద్యార్థులు తెచ్చిన యంత్రము చెప్పుల పెట్టెకంటె పెద్దది కాదు. దానికి రెండు మూడు చక్రములు, మోటార్లు, వెలుతురును దూరమును కనిపెట్టు ఒకటి రెండు సెన్సార్లు ఉండును. మీట నొక్కిన తరువాత దానిని ఎవ్వరును ముట్టరాదు. రెండు రెండున్నర నిమిషములలో అది తనంత తానే గీత వెంబడి పోయి, దిమ్మలను మోసి, నియమిత స్థలమున దింపవలెను. దాని చలనమంతయు విద్యార్థి ముందుగా వ్రాసి పెట్టిన ప్రోగ్రాముననుసరించియే జరుగును. కావున పోటీలో పరుగెత్తునది యంత్రమే గాని, పరీక్షింపబడునది విద్యార్థి వ్రాసిన మాట.

ఈ పోటీలు నిన్న మొన్న పుట్టినవి కావు. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ అను సంస్థ 1992లో తన మొదటి పోటీ జరిపినది. రోబోలచే బంతియాట ఆడించు రోబోకప్ 1997లో జపానునందలి నగోయాలో ప్రారంభమైనది. 2002లో టోకియోలో మొదలైన ఆసియా పసిఫిక్ రోబోకాన్ మన దేశమున 2008లోను, 2014లోను పూనా నగరమున జరిగినది. 2004లో సింగపూరున ఆరంభమైన ప్రపంచ రోబో ఒలింపియాడునకు 2016లో ఢిల్లీ ఆతిథ్యమిచ్చినది. ఆ సంవత్సరముననే కేంద్రప్రభుత్వపు నీతి ఆయోగ్ అటల్ టింకరింగు ప్రయోగశాలల పథకమును మొదలుపెట్టినది. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు చదువు పిల్లలు స్వహస్తములతో యంత్రములు చేసికొనుటకై ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు సహాయమీయబడుచున్నది. మరి 50,000 ప్రయోగశాలలు ఐదేండ్లలో నెలకొల్పబడునని 2025 బడ్జెటులో ప్రకటించిరి. మన ఊరి సమీపమున 1996నుండి పాలూరు కొండల చెంతనున్న సాంకేతిక విద్యాలయము, 2009లో మొదలైన పర్లా మహారాజా ఇంజనీరింగు కళాశాల ఉండుటచేత, ఈ మాటలు బరంపురము ఇండ్లలో వింతగా లేవు. పెద్ద పిల్లలు అక్కడ చదివి వచ్చి చిన్నవారికి చెప్పుచున్నారు.

అయితే యంత్రము ఒకటి, విద్యార్థులు ముప్పదిమంది. ఒకడు దానిని పట్టుకొన్నచో ఇరువదితొమ్మండుగురు చూచుచు కూర్చుండవలెను. మోటారు కాలిన క్రొత్తది రావలెను. పెట్టె కొనలేని పాఠశాల అసలు మొదలే పెట్టలేదు. ఈ చిక్కునకు విరుగుడుగా నేర్పరులు నీడయంత్రమును కల్పించిరి. కంప్యూటరు తెరపై అట్టి వేదికయే, అట్టి యంత్రమే బొమ్మగా కనబడును. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాముననుసరించి ఆ బొమ్మ నడచును, తిరుగును, గోడకు కొట్టుకొని ఆగును. దీనినే సిమ్యులేషను అందురు. ఈ ఆలోచన పాతదే. 1967లో పేపర్టు మొదలగువారు పిల్లలకొరకు లోగో అను భాషను కల్పించిరి. దానిలో ఒక తాబేలు పిల్లవాని ఆజ్ఞలనుబట్టి గీతలు గీయును. 1981లో రిచర్డ్ పాటిస్ కారెల్ అను బొమ్మ రోబోను సృజించి దానితో ప్రోగ్రాము పాఠములు చెప్పెను. స్విట్జర్లాండున 1996లో పుట్టిన వెబాట్స్ అను సిమ్యులేషను సాధనము 2018నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నది. కాబట్టి నేడు పాత కంప్యూటరొకటి ఉన్నను చాలును. పేద బాలుడు సయితము ఈ విద్య నారంభింపవచ్చును. ఇది చిన్న మేలు కాదు.

ఇక ధర్మసందేహమునకు వత్తము. నీడయందు నేర్చినది నిజమైన విద్య యగునా? యంత్రము తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎవరిది? గెలిచినప్పుడు ఆ గెలుపు ఎవరిది? ఈ మూడును వేరు వేరు ప్రశ్నలుగా కనబడినను ఒక్కటేయని మా అభిప్రాయము.

రోబో అను మాటయే మనకు దారి చూపుచున్నది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున ఈ పదము మొదట కనబడినది. పాటిస్ తన బొమ్మకు కారెల్ అను పేరు పెట్టుటకు కారణమాయనయే. ఈ పదమును సూచించినవాడు ఆయన సోదరుడు జోసెఫ్. వారి భాషలో రొబోటా యనగా వెట్టిచాకిరి. గంజాము జిల్లా పెద్దలకు వెట్టి అను మాట బోధపరుపనక్కరలేదు. వెట్టివానికి తన ఇష్టమను మాట లేదు. కాని మనుష్యుడైన వెట్టివానికి మనస్సయినను ఉండెను. లోపల గొణుగుకొనుటకు వీలుండెను. యంత్రమునకు అదియు లేదు. కుడికి తిరుగుమని వ్రాసిన కుడికే తిరుగును. ఎదుట గోడ యున్నను తిరుగును. ఇష్టము లేనివానికి దోషము లేదు. కావున దోషమంతయు ఆజ్ఞాపించినవానికే చెందును.

కచేరీలలో పనిచేసినవారికి దీని విలువ తెలియును. కాగితము పది బల్లలు దాటి వచ్చును. తప్పు బయటపడినప్పుడు ఎవరికి వారు ముందు బల్లవానిని చూపుదురు. ఆతడు అంతకుముందువానిని చూపును. చివరకు తప్పు ఎవరిదియు గాక గాలిలో నిలిచిపోవును. లోకములో పెద్ద నష్టములలో అధికభాగము ఇట్లు యజమాని లేని తప్పులవలననే కలుగుచున్నవి. ఈ విద్యలో ఆ సౌకర్యము లేదు. పదునాలుగేండ్ల బాలుడు తాను వ్రాసిన పండ్రెండు పంక్తులను, తనమాట జవదాటని యంత్రమును ఎదుట పెట్టుకొని కూర్చుండును. వంకరగా పోయిన గీతకు వంక చెప్పుటకు మూడవవాడు లేడు. తప్పు నాది యను మాటను ఇంత చిన్న వయస్సున, ఇంత నిరపాయముగా నేర్పు పాఠము మాకు మరియొకటి కనబడలేదు.

నిరపాయముగా నను మాటను కొంత విచారింపవలెను. నీడయంత్రము గోడకు గ్రుద్దుకొన్నను విరుగదు. నూరుసార్లు పడినను ఖర్చు లేదు, నగుబాటు లేదు, గురువుగారి కోపము లేదు. మా కాలమున చిత్తు ప్రతి వ్రాసి, దిద్దించుకొని, పిమ్మట సాపు ప్రతి వ్రాసెడివారము. చిత్తు కాగితముపై చేయి ధైర్యముగా నడచును. భయము తొలగిననే గాని బుద్ధి వికసింపదు. ఆ మేలును తృణీకరించి, నీడతో ఆడుట పిల్లలాటయని నవ్వువారు గంజాము తీరమున పుట్టినవారు కారని చెప్పవచ్చును.

ఏలయన నీడచేత మేలు పొందిన జిల్లా మనది. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను గోపాలపురముచెంత తీరము దాటినది. ఆ నెల 29న పారాదీపువద్ద మహాతుఫాను తీరము దాటి ఒడిశాలో సుమారు పదివేలమంది ప్రాణములు తీసినది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గంటకు 200 కిలోమీటర్ల వేగముగల గాలులతో గోపాలపురముచెంతనే వచ్చి పడినది. అప్పటికి పది లక్షలకు దగ్గరగా జనమును సురక్షిత స్థలములకు తరలించియుండిరి. ఇండ్లు కూలినవి, తోటలు పోయినవి, బరంపురము చీకటిలో మునిగినది; కాని ప్రాణనష్టము పదులలోనే ఆగినది. దీనికి ఆశ్రయభవనములు, అధికారుల శ్రద్ధ, ఉపగ్రహముల చూపు కారణములే. వానితోపాటు గాలి, నీరు, వేడిమి యెట్లు కదలునో గణించి, రాబోవు తుఫానును ముందుగానే యంత్రములో నడిపి చూచిన వాతావరణశాస్త్రజ్ఞుల లెక్కలును కారణములు. అదియు నీడతుఫానే. ఆ నీడ ముందుగా వచ్చుటచేతనే నిజము వచ్చునప్పటికి మనుష్యులు తీరమున లేరు.

కాని నీడకొక స్వభావము కలదు. మనము దానిలో పెట్టినదే అందులో నుండును. మా వీధిలో ఏడవ తరగతి చదువు బాలుడొకడు ఒక సాయంకాలము ముఖము చిన్నబుచ్చుకొని వచ్చి, "తాతగారూ, కంప్యూటర్లో చక్కగా వెళ్ళింది. ఇక్కడ బల్లమీద పెడితే పక్కకి పోతోంది. నా తప్పేమీ లేదు" అనెను. "కంప్యూటర్లో నేల ఎవరు పరిచారు నాయనా?" యని అడిగితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, "అది ముందే ఉంది తాతగారూ. ఎలాంటి నేలో నేను చూడలేదు" అనెను. చూడలేదను ఆ మాటలోనే విషయమంతయు ఇమిడియున్నది.

లెక్క వేసి చూడుడు. చక్రము వ్యాసము 5.6 సెంటీమీటర్లయినచో ఒక చుట్టునకు 17.6 సెంటీమీటర్ల దూరము పోవును. ఒక మీటరు పోవుటకు సుమారు 5.7 చుట్లు కావలెను. తెరమీద ఈ లెక్క రేఖామాత్రమైనను తప్పదు. బల్లమీద చక్రము నూటికి రెండు వంతులు జారినచో మీటరు దూరమున రెండు సెంటీమీటర్లు తరుగును. మలుపున ఒక్క డిగ్రీ తేడా వచ్చిన, మీటరు పోవునప్పటికి ముప్పాతిక తక్కువ రెండు సెంటీమీటర్లు ప్రక్కకు జరుగుననుకొనరాదు. సరిగా చెప్పవలెనన్న 1.7 సెంటీమీటర్లు జరుగును. దిమ్మను పట్టుకొనవలసిన చేయి గాలిని పట్టుకొనుటకు ఇంతమాత్రము చాలును. బ్యాటరీ బలము సాయంకాలమునకు తగ్గును. ఇంటి దీపము క్రింద నలుపును గుర్తించిన సెన్సారు, పోటీశాలలోని పెద్ద దీపముల క్రింద తెలుపని భ్రమించును. పట్టాలో ఒక ముడుత చాలును. ఇవన్నియు యంత్రము చేసిన తప్పులు కావు. నేల చేసిన తప్పులును కావు. నేల ఎట్లున్నదో విచారింపని విద్యార్థివే.

ఇట్టి పొరపాటు పిల్లలకే పరిమితము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసచెంత తీరము దాటినది. అది వచ్చుచున్నదని ముందే తెలిసినది, తీరవాసులను తరలించిరి. కాని తీరమునకు దూరముగా గజపతి జిల్లా కొండలలో భారీవర్షములకు కొండచరియలు విరిగి, వానకు ఆశ్రయము కోరి కొండచాటున చేరినవారే ప్రాణములు కోల్పోయిరి. గాలిదారిని చూపిన నీడ కొండమట్టి జారుటను చూపలేదు. మరియొక యుదాహరణము దేశమంతయు ఎరిగినదే. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండరు చంద్రునిపై దిగుచు చెడినది. ఇంజనులు అనుకొన్నదానికంటె అధికముగా త్రోసినవనియు, ఆ తేడాలు కూడబెట్టుకొన్నవనియు, వానిని సరిదిద్దు వ్యవధి ప్రోగ్రామునకు చాలలేదనియు మన శాస్త్రజ్ఞులే బహిరంగముగా చెప్పిరి. అంతట వారు ఏది సరిగా జరుగునని గాక, ఏది ఏది తప్పవచ్చునని విచారించి తిరిగి రూపకల్పన చేసిరి. దిగుటకు అంతకుముందు అర కిలోమీటరు చదరముగా నున్న స్థలమును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పునకు పెంచిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సుఖముగా దిగినది. నాలుగేండ్లలో వారు సాధించినదానికి మూలము, తేడాను దాచక ఒప్పుకొనుటయే.

కావున నీడయంత్రమును ఉపయోగింపవలెనా వలదా యనునది సరియైన ప్రశ్న కాదు. నీడకు నిజమునకు గల తేడాను విద్యార్థిచేత వ్రాయించుచున్నారా లేదా యనునదే ప్రశ్న. బ్యాంకు పాసుపుస్తకమునకు, మన నగదు చిట్టాకు నెలాఖరున తేడా రాకుండుట అరుదు. మంచి గుమాస్తా తేడాను చూచి సిగ్గుపడడు. ఇది వసూలు కాని చెక్కు, ఇది బ్యాంకువారు పట్టుకొన్న రుసుము అని పద్దు పద్దుగా వ్రాసి రెంటిని సమన్వయపరుచును. సిగ్గుపడవలసినది తేడాను మాపుటకు అంకె దిద్దినప్పుడు. అట్లే ప్రతి విద్యార్థికిని ఒక నోటుబుక్కు ఉండవలెను. ఒక వరుసలో తెరమీద జరిగినది, రెండవ వరుసలో బల్లమీద జరిగినది, మూడవ వరుసలో తేడా, నాలుగవ వరుసలో దానికి తానూహించిన కారణము. తెలిసిన గురువులు నీడయందే జారుడునేలను, మసక వెలుతురును, తడబడు సెన్సారును బుద్ధిపూర్వకముగా చేర్చి శిష్యులను అలవాటు పరుచుచున్నారు. అది ఉత్తమ పద్ధతి.

ఇంతవరకు తప్పుమాట చెప్పితిమి. ఇక గెలుపుమాట. పోటీ యన్నప్పుడు కప్పు ఉండును; కప్పు ఉన్నచోట తొందర పుట్టును. పోటీ వారము రోజులలోనికి వచ్చునప్పటికి పిల్లవాని ప్రోగ్రాము నడువదు. గురువునకు పాఠశాల పేరుపై మమకారము. తండ్రికి కట్టిన రుసుముపై చింత. ఒక రాత్రి గురువు కూర్చుండి పది నిమిషములలో ఆ ప్రోగ్రామును సరిచేసి పెట్టును. లేదా, అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు కృత్రిమమేధ నేడు చేతి ఫోనులోనే యున్నది. అది వ్రాసి పెట్టును. మరునాడు యంత్రము గీతపై చక్కగా పోవును. అందరును చప్పట్లు కొట్టుదురు. ఎవరికిని నష్టము కలిగినట్లు కనబడదు.

నష్టము కలిగినదనియే మేము చెప్పుచున్నాము. ఆ పిల్లవాని సొత్తు ఒకటి ఆ రాత్రి అపహరింపబడినది. అది వాని తప్పు. దానిని తానే వెదకి పట్టుకొని దిద్దుకొనియున్నచో కలుగవలసిన బలము వానికి కలుగలేదు. అంతకంటె కీడు మరియొకటి కలదు. మనచే కానిది మరియొకరు చేసిపెట్టగా మనదియని చూపవచ్చునను పాఠమును వాడు చప్పట్ల నడుమ నేర్చుకొన్నాడు. తప్పు తనది కానివానికి గెలుపు మాత్రము తనది ఎట్లగును? తప్పును, గెలుపును ఒకే ఖాతాలోని ఖర్చు జమలు. ఒకదానిని ఇతరుల పేర వ్రాసి రెండవదానిని మన పేర వ్రాసికొనుట దొంగలెక్క.

దీనికి పూర్వపక్షము కలదు. నేర్పుట యనగా చేసి చూపుట కాదా? బరంపురము పట్టు నేయు నేతగాడు కొడుకు చేతిపై చేయి వేసి నాడె ఆడించుట నేర్పలేదా? అని అడుగవచ్చును. నిజమే. కాని ఆ తండ్రి ఎప్పుడు చేయి తీయునో గమనింపుడు. పోగు తెగినప్పుడు ముడి వేసి చూపును. రెండవసారి తెగినప్పుడు కొడుకునే వేయనిచ్చును. చీర అంచున దేవాలయ శిఖరములవంటి నమూనా చెడినచో విప్పించి మరల నేయించును. తాను నేసిన చీరను కొడుకు నేసినదని బజారున చెప్పడు. మగ్గమునకును ఈ విద్యకును చుట్టరికము లేకపోలేదు. 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డు చిల్లుల అట్టలచేత మగ్గమును నడపెను. ఆ చిల్లుల అట్టలే తరువాతి కాలమున కంప్యూటర్లకు ఆజ్ఞలను మోసినవి. అట్టను ఎవరు కొట్టినను బట్ట వచ్చును. ఏ చిల్లు ఏ పోగును లేపునో తెలిసినవాడే నేతగాడు.

మరియొక పూర్వపక్షము దీనికంటె బరువైనది. ఇతరులు గురువుచేత వ్రాయించుకొని వచ్చినప్పుడు, స్వయముగా వ్రాసిన మన పిల్లవాడు ఓడిపోవుట ధర్మమా? ధర్మము కాదు. దానికి మా వద్ద తీపి సమాధానము లేదు. సత్యమునకు కప్పు తప్పక వచ్చునని మేము హామీ ఈయజాలము. ఈ కారణముననే మంచి పోటీలలో న్యాయనిర్ణేతలు యంత్రపు పరుగును మాత్రమే చూడక, పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొని ఈ పంక్తి ఎందుకు వ్రాసితివని అడుగుదురు. కొన్ని పోటీలలో అప్పటికప్పుడు ఒక నియమము మార్చి యంత్రమును నడపుమందురు. ఈ పరీక్షను ఇంటిలో తండ్రియు పెట్టవచ్చును. ఎందుకు అను ప్రశ్నకు జవాబు చెప్పగలిగి, దిమ్మను చేరెడు ప్రక్కకు జరిపినప్పుడు ప్రోగ్రామును మార్చుకొనగలిగిన పిల్లవాడు, ఎవరి సహాయము పొందినను ఆ విద్యకు యజమానియే. లేనివాడు కప్పు తెచ్చినను కూలివాడే.

మన సంఘమువారికి ఒక మనవి. సంఘభవనమున సాయంకాలములందు ఖాళీగా నుండు గది కలదు. రెండు పాత కంప్యూటర్లు, ఒక బల్ల, గీతలు గీసిన ఒక పట్టా, అందరికిని కలిపి ఒక్క యంత్రము, తలకొక నోటుబుక్కు చాలును. బడిలో ఒడియాలోను ఇంగ్లీషులోను చదువుకొను మన పిల్లలు, తప్పునకు కారణము వెదకునప్పుడైనను ఇంటిభాషలో ఆలోచింతురు గాక. చెప్పుటకు కళాశాలలలో చదువుచున్న మన యువకులు వత్తురు. వారికి మేము కోరు నియమ మొక్కటే. పిల్లవాని కీబోర్డుపై చేయి వేయవలదు; నోటితో ఎంతయైనను చెప్పుడు. ఏడాది చివర బహుమానమీయ దలచినచో ముందు పోయిన యంత్రమునకు ఒకటి, తేడాలను నిజాయితీగా వ్రాసిన నోటుబుక్కునకు ఒకటి ఇండు. రెండవదే పెద్దది కావలెను.

రేపటి లోకమున యంత్రములు మనుష్యులకు మందు లిచ్చును, బండ్లు నడపును, తీర్పులు సూచించును. అవి తప్పు చేయక మానవు. అప్పుడు "యంత్రము చేసినది, మేమేమి చేయుదుము?" అనువారు లోకమున నిండియుందురా, "వ్రాసినవాడను నేను, తేడా ఎక్కడనున్నదో చూచెదను" అనువారు కొందరైనను ఉందురా యనునది, నేడు బల్లచుట్టు మూగిన ఈ పిల్లలకు మనము ఏ తప్పులను వదలిపెట్టితిమో దానినిబట్టియుండును.